మూడుముక్కలాట వచ్చినోళ్ళు పోకర్‌లో ఏది పెద్దదో ఇలా నేర్చుకోండి

మన బెజవాడ, గుంటూరు వైపు పేకముక్కలు అసలు పట్టనోళ్ళు తక్కువ, రమ్మీనో మూడుముక్కలాటో ఏదో ఒకటి చిన్నప్పట్నించీ చూసే ఉంటాం. ఐదు ముక్కల్లో ఎవరిది పెద్దదో చూసే పోకర్ దగ్గర మనల్ని తికమక పెట్టేది ఆ పాత అలవాటే.

మొన్న మే నెలలో గుంటూరు నించి మా బావ వచ్చాడు. మధ్యాహ్నం ఆ ఎండకి గడప దాటలేం, ఫ్యాన్ ఫుల్లుగా పెడితే ముక్కలు ఎగిరిపోతున్నాయని రెండులో పెట్టుకుని చాప మీద కూర్చున్నాం, పందెం చింతపిక్కలే. బావ 5, 6, 7, 8, 9 పరిచి పిక్కలన్నీ దగ్గరికి లాక్కుంటున్నాడు, నా చేతిలో చూస్తే ఐదూ ఇస్పేట్లే, వరస మాత్రం లేదు. "ఆగు బావా, నాది పెద్దది" అంటే "సీక్వెన్స్ మీద కలర్ ఎట్టా గెలుస్తదిరా" అని ఒప్పుకోడే! మూడుముక్కల్లో అయితే బావ అన్నదే కరెక్టు. పోకర్‌లో తిరగబడుతుంది.

ఎందుకో కాగితం మీద లెక్కేసి చూపించా. మూడు ముక్కల్లో ఉత్త సీక్వెన్స్ పడే రకాలు 720, కలర్ పడేవి 1,096, అంటే సీక్వెన్సే అరుదు. ఐదు ముక్కలకి వచ్చేసరికి స్ట్రెయిట్, అదే మన సీక్వెన్స్, 10,200 రకాలుగా పడుతుంది, ఫ్లష్ అంటే కలర్ 5,108 రకాలే. ఏది అరుదో అది పెద్దది, పోకర్ వరస మొత్తం ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది, ఇది బుర్రలోకి ఎక్కితే బట్టీ పట్టే పని చాలావరకు తగ్గిపోద్ది.

ఇక కింద నించి పైకి చెప్తా. ఏమీ కలవకపోతే పెద్ద ముక్క ఎవరిదైతే వాళ్ళది, దాని మీద ఒక జత, దాని మీద రెండు జతలు, ఆ పైన ఒకేలాంటివి మూడు. మూడుముక్కల్లో మూడు ఆసులు పడితే ఇక తిరుగు లేదు కదా, ఇక్కడ అదే చెయ్యి స్ట్రెయిట్ కింద ఉంటది, మనోళ్ళు పొరబడే రెండో చోటు ఇదే. స్ట్రెయిట్ మీద ఫ్లష్, దాని మీద ఫుల్ హౌస్, అంటే మూడు ఒకటే ప్లస్ ఒక జత, దాని మీద ఒకేలాంటివి నాలుగు, అన్నిటి పైన ఒకే గుర్తులో, అంటే ఐదూ ఇస్పేట్లో ఐదూ ఆఠీన్లో అయ్యి, వరస కూడా ఉన్నది, స్ట్రెయిట్ ఫ్లష్. అందులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే రాయల్ ఫ్లష్ అంటారు, ఐదు ముక్కలు పడే రకాలు మొత్తం 25,98,960 అయితే అందులో అవి నాలుగే నాలుగు.

ఆసు సంగతి కూడా చూస్కోండి. ఆసు, 2, 3, 4, 5 మూడుముక్కల అలవాటుతో పెద్దదనిపిస్తుంది గానీ పోకర్‌లో అది అన్నిటికంటే చిన్న స్ట్రెయిట్. రాణి, రాజు, ఆసు, 2, 3 అయితే అసలు వరసే కాదు. ఇస్పేటు ఎక్కువా ఆఠీను ఎక్కువా అనేది కూడా లేదు, అన్నీ సమానం. రెండు ఫుల్ హౌస్‌లు ఎదురైతే ముందు ఆ మూడింటినే చూడాలి, మూడు 8లు రెండు 2లు ఉన్నోడు మూడు 7లు రెండు ఆసులున్నోణ్ణి కొట్టేస్తాడు.

డబ్బులు మాత్రం పెట్టొద్దు, డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ, పోకర్‌ని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, పిక్కలతో నేర్చుకున్నా ఇంతే బాగా వస్తది.

ప్రాక్టీసుకి జోకర్లు తీసేసి, ఐదేసి ముక్కలు రెండు చేతులు తెరిచి పంచి ఏది పెద్దదో పైకి చెప్పండి, ఒక ఇరవై సార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది. తర్వాత చేతిలో రెండు, చాప మీద ఐదు పెట్టి ఆ ఏడింట్లో మంచి ఐదు ఏరండి. చేతిలో ఆసు, 9 ఉండి కింద ఆసు, 9, 4, 4, రాణి పడ్డాయనుకోండి, మూడు జతలున్నాయని సంబరపడతాం, లెక్కలోకొచ్చేవి రెండే, ఆసులు, 9లు, ఐదో ముక్కగా రాణి, ఆ 4లు రెండూ పక్కకి పోతాయి.