తాతల నాటి పొలం కాగితాలు: అమ్మకం, పంపకం తేల్చుకునే పద్ధతి

పాత పెట్టెలో విక్రయ దస్తావేజు దొరకగానే అందరూ ముందు సర్వే నంబరు, ధర చూస్తారు. అవి తర్వాత చూడవచ్చు. అమ్మినవాడికి ఆ పొలం అమ్మే హక్కు ఎంతవరకు ఉందో ముందు తేలాలి. ఇక్కడ చెప్పేది మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న ఆంధ్ర జిల్లాల్లో, రైతువారీ (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే) గ్రామాల్లో, 1947కు ముందు జరిగిన హిందూ కుటుంబాల లావాదేవీల గురించి. జమీందారీ, ఇనాం భూముల లెక్క వేరు, నైజాం ఇలాకా సంగతి ఇంకా వేరు.

మొదట తేదీ. శిస్తు రసీదుల్లో, అడంగళ్లలో (గ్రామ సాగు లెక్కల్లో) ఉండేది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జూలై 1న మొదలవుతుంది కాబట్టి 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ దాకా. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే తొందరపడవద్దు. దుర్మతి 1861లోనూ వచ్చింది, 1921లోనూ వచ్చింది. స్టాంపు కాగితం మీద ఏ రాజు బొమ్మ ఉందో చూస్తే చాలాసార్లు తేలిపోతుంది.

ఇక హక్కు. ఆ కుటుంబాలకు వర్తించిన హిందూ ధర్మశాస్త్రం, అంటే మితాక్షర న్యాయం ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంది. తండ్రి కర్త (ఉమ్మడి కుటుంబ యజమాని) హోదాలో మొత్తం పొలం అమ్మాలంటే కుటుంబ అవసరమైనా ఉండాలి, తాను అంతకుముందే చేసిన అప్పు తీర్చడానికైనా అయి ఉండాలి. ఆ అప్పు జూదానికో వ్యభిచారానికో చేసింది కాకూడదు. అందుకే కొనేవాడు మేజరు కొడుకులందరి చేతా సంతకం పెట్టించుకునేవాడు, మైనర్ల పక్షాన తండ్రిని సంరక్షకుడిగా రాయించుకునేవాడు. ఒక కొడుకు పేరు లేదంటే అక్కడే గుర్తు పెట్టుకోండి. 1908 కాలపరిమితి చట్టం కింద తండ్రి చేసిన అమ్మకం మీద దావాకు, కొన్నవాడు స్వాధీనం చేసుకున్ననాటి నుంచి 12 ఏళ్ల గడువు. మైనరైతే ఆ 12 ఏళ్లు గడిచిపోయినా మేజరయ్యాక మరో 3 ఏళ్లు సందు ఉండేది.

దస్తావేజు మొత్తంలో నిదానంగా చదవాల్సింది ప్రతిఫలం వివరం. మచ్చుకి అది ఇలా ఉంటుంది: "రు.1,200లకు శుద్ధ విక్రయము. ఇందుకు వివరము: ప్రామిసరీ నోటు బాకీ అసలు వడ్డీలకు చెల్లించుటకు మీ వద్దనే నిలిపినది రు.650, భోగ్య తనఖా విడుదలకు రు.400, మా కుమార్తె వివాహ ఖర్చులకు లోగడ ముట్టినది రు.100, సబ్ రిజిస్ట్రారు ఎదుట నగదు రు.50." పొలం అమ్మినవాడి చేతికి ఆ రోజు వచ్చింది యాభై రూపాయలే అన్నమాట! ఒక్కో పద్దుకూ కాగితం వెతకండి. నోటు వెనుక చెల్లు రాశారా? భోగ్య తనఖా అంటే అప్పిచ్చినవాడు పొలం అనుభవించే తాకట్టు; ఆ దస్తావేజు తిరిగి వచ్చిందా? నోటు తేదీ కూడా చూడండి. అమ్మకం రోజునే రాసిన నోటైతే అది "ముందటి అప్పు" కిందికి రాదు. నోటు గడువు 3 ఏళ్లు కాబట్టి ఆలోపు తిరగరాసేవారు, వడ్డీ అసలులో కలిసిపోయేది. అలా వెనక్కి వెళ్తే మొదటి అప్పు ఎంతో తెలుస్తుంది. 1938 రైతు రుణ విముక్తి చట్టం 1932 అక్టోబరు 1కి ముందటి అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీని కొట్టేసింది. కాబట్టి ఆ తర్వాతి దస్తావేజుల్లో లెక్క తగ్గి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

"సొమ్ము చెల్లిస్తే తిరిగి రాసి ఇచ్చెదను" అన్న షరతు ఉంటే అది అమ్మకమా, తనఖానా? ఆస్తి బదిలీ చట్టానికి 1929లో చేసిన సవరణ తర్వాత ఆ షరతు అదే దస్తావేజులో ఉంటేనే తనఖా అయ్యే వీలుంది. వేరే కాగితం మీద రాస్తే కాదు. ఊళ్లో "తాకట్టు పెట్టాం, వాళ్లు కాజేశారు" అనే మాటల్లో చాలావాటికి మూలం ఇదే.

అమ్మింది వితంతువైతే మరీ జాగ్రత్త. భర్త ఆస్తి మీద ఆమెకు అప్పట్లో జీవితకాలపు పరిమిత హక్కే ఉండేది. భర్త బాకీలు, కర్మకాండ, శిస్తు, కూతురి పెళ్లి లాంటి అవసరాలకు అమ్మితే ఆ అమ్మకం నిలిచేది, లేకపోతే ఆమె బతికున్నంత వరకే చెల్లేది. ఆమె పోయాక భర్త వారసులు 12 ఏళ్లలోపు దావా వేసే వీలుండేది. అందుకే సాక్షుల్లో దాయాదుల పేర్లు కనిపిస్తాయి. కానీ వట్టి సాక్షి సంతకం ఒప్పుకోలు కాదు. "సమ్మతించి" అన్న మాట ఉందేమో చూడండి. 1937 హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టంతో భార్యకు కొడుకుతో సమానంగా వాటా వచ్చిందని అనేవారున్నారు. వ్యవసాయ భూమికి అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. మద్రాసులో పొలాలకు ఆ హక్కు 1947లో వేరే చట్టంతో గానీ రాలేదు.

పంపకానికి దస్తావేజే ఉండాలన్న నియమం లేదు. పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నా చెల్లేది. జరిగిపోయిన పంపకాన్ని గుర్తుగా రాసుకున్న జాబితాకు రిజిస్ట్రేషను అక్కర్లేదు. ఆ కాగితంతోనే వాటాలు ఏర్పడి, విలువ వంద రూపాయలు, ఆపైన ఉంటే మాత్రం కావాలి. పారీఖత్తు (పంపకం దస్తావేజు) దొరక్కపోతే అన్నదమ్ముల పేర్ల మీద విడివిడి పట్టాలు, విడివిడి శిస్తు రసీదులు, ఒకరికొకరు రాసుకున్న నోట్లు చూడండి. పట్టా ఒక్కరి పేరునే ఉన్నంతమాత్రాన పొలం ఆయన స్వార్జితం కాదు, కర్త పేరున ఉండటం మామూలే. జాబితాలో తల్లి మనోవర్తికి (జీవనానికి) విడిచిన చెక్క, పెళ్లికాని చెల్లెళ్ల ఖర్చు, అప్పుల వంతులు తప్పక చూడండి. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లటపు అల్లుడు (అత్తవారింట ఉండి అక్కడ వాటా పొందే అల్లుడు) కనిపిస్తే, దత్తుడికి పోయినట్టు ఆయనకు పుట్టింటి వాటా పోదని గుర్తుంచుకోండి.

వీలునామా విషయంలో ఒక తేదీ ముఖ్యం. 1927 జనవరి 1కి ముందు మొఫసల్లో (మద్రాసు నగరం బయటి జిల్లాల్లో) హిందువు నోటిమాటగా చెప్పినా వీలునామా చెల్లేది. ఆ తేదీ నుంచి రాత, సంతకం, ఇద్దరు సాక్షులు తప్పనిసరి.

నకళ్లకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో, వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. పేర్ల సూచిక, ఆస్తుల సూచిక వేర్వేరు. సర్వే నంబరు మారి ఉండొచ్చు కాబట్టి ముందు పేరుతో వెతికించండి. జిల్లా పేరు చూసి కంగారు పడకండి. 1904 నుంచి 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా భీమవరం, తణుకు కృష్ణా జిల్లాలో ఉండేవి. వంద రూపాయల లోపు అమ్మకమైతే, స్వాధీనం చేస్తే సరిపోయేది గనుక, దస్తావేజు ఎప్పుడూ లేకపోవచ్చు. అప్పుడు పాత నంబరుకు కొత్త నంబరు డైగ్లాట్‌లో (రీసర్వే నంబర్ల రిజిస్టరులో) పట్టుకుని, పట్టా ఏ ఫసలీలో మారిందో గ్రామ లెక్కల్లో చూడాలి.