ఫండ్‌రైజింగ్ ఈవెంట్‌లో వాలంటీర్ టీమ్ మీ చేతికొస్తే

వాలంటీర్లను మీరు చూసుకోండి అనగానే చాలామంది వెంటనే వాట్సాప్ గ్రూపు ఒకటి తెరిచి, తెలిసినవాళ్లందర్నీ అందులో పడేస్తారు. మూడో రోజుకి అందులో గుడ్ మార్నింగ్‌లు, దండం బొమ్మలు తప్ప ఇంకేం ఉండవు. గ్రూపు తర్వాత, ముందు కాగితం తీసుకుని పనులు రాయండి. పనేమిటో తేలకుండా మనుషుల్ని పోగేస్తే, వచ్చినవాళ్లు ఏం చేయాలో తెలీక గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటూ నిలబడతారు, ఇంకోసారి పిలిస్తే రారు.

పనులు రాయడానికి నాకు తెలిసిన తేలికైన దారి ఇది. విరాళం ఇవ్వడానికి వచ్చే మనిషి వెంట మనసులోనే నడవండి. గేటు దగ్గర ఎవరు పలకరిస్తారు, బండి ఎక్కడ పెట్టుకోమని ఎవరు చెప్తారు, డబ్బు ఎవరి చేతికిస్తాడు, రసీదు ఎవరు రాస్తారు, వెళ్లేటప్పుడు థాంక్స్ ఎవరు చెప్తారు. తర్వాత ఆ మనిషికి కనిపించని పనులు రాయండి, అసలు తలనొప్పి అక్కడే ఉంటుంది: కుర్చీలు వేయడం, తీయడం, మైకు వైర్లు జనం కాళ్లకి తగలకుండా చూడటం, చెత్త సంచులు మార్చడం, తప్పిపోయిన పిల్లలు, హాలు తాళాలు. కార్యక్రమం ముగిశాక సర్దే పనికి విడిగా మనుషుల్ని పెట్టుకోండి. పొద్దుటి నుంచి నిలబడి ఉన్నవాళ్లే అదీ చేస్తార్లే అనుకుంటే, చివరికి కుర్చీలు మడతపెట్టడానికి మీరూ, మీ ఇంట్లోవాళ్లూ మిగులుతారు.

ఇప్పుడు ప్రతి పని పక్కనా ఒక పేరు, ఒక్క పేరే రాయాలి. సాయానికి నలుగురున్నా ఫర్వాలేదు, జవాబు చెప్పేది మాత్రం ఒకరే. పదిమంది చేతిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. మ్యాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచి, ఆ లెక్కలు 1913లో అచ్చేశాడు. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వంతు, విడిగా లాగినప్పటి బలం కంటే తగ్గుతూ వచ్చింది. 1968లో అమెరికాలో డార్లీ, లటానే అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. పక్క గదిలో ఎవరికో ఫిట్స్ వచ్చినట్టు మైకులో వినిపించారు. అది తనొక్కడికే వినిపించిందనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే సాయం కోసం కదిలితే, ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో కదిలింది 31 శాతమే. ప్రాణం మీదికొచ్చినప్పుడే ఇలా ఉంటే, మీ గ్రూపులో "ఎవరైనా బ్యానర్లు తేగలరా ప్లీజ్" అని పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ముప్పై మంది చదువుతారు, నలుగురు బొటనవేలు చూపిస్తారు, బ్యానర్లు ప్రింటింగ్ షాపులోనే ఉంటాయి. "రవీ, శనివారం సాయంత్రం 5 లోపు బ్యానర్లు హాలుకి చేర్చి నాకు ఒక ఫోటో పంపు, కుదరకపోతే శుక్రవారం రాత్రిలోగా చెప్పు" అని రవికే పంపండి. ఎవరు, ఏం, ఎప్పటికి, కుదరకపోతే ఏంటి, ఈ నాలుగూ ఉంటే చాలు.

మనుషుల్ని అడిగేటప్పుడు నిజం చెప్పండి. "ఊరికే అరగంట వచ్చి వెళ్లండి" అని పిలిచి ఆరుగంటలు నిలబెడితే ఆ మనిషిని మీరు శాశ్వతంగా పోగొట్టుకున్నట్టే. ఎన్ని గంటలు, నిలబడే పనా కూర్చునే పనా, జనంతో మాట్లాడాలా అక్కర్లేదా, ముందే చెప్పేయండి. కొత్తవాళ్లతో నోరు విప్పడానికి ఇబ్బందిపడే మనిషిని గేటు దగ్గర పెట్టి చిరునవ్వు చిందించమంటే ఇద్దరికీ శిక్షే, అతన్ని లెక్కల బల్ల దగ్గర కూర్చోబెడితే బంగారంలా చేస్తాడు. వస్తామన్నవాళ్లలో కొందరు రారు, ఇది ఖాయం. దానికి అలగకుండా, ఏ పనీ అప్పగించని ఇద్దరు ముగ్గుర్ని అదనంగా ఉంచుకోండి. వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి, జవాబివ్వక తప్పని ప్రశ్నగా అడగండి: "రేపు ఉదయం 8కి గేటు దగ్గర ఉంటారు కదా?" పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు వస్తుంటే పెద్దవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, డబ్బు పని ఇవ్వకండి, ఏ పెద్దమనిషితోనూ ఒంటరిగా పంపకండి. ఇక్కడ మొహమాటం అక్కర్లేదు.

టీమ్ పదిమంది దాటితే అందర్నీ మీరే చూసుకోవాలనుకోకండి. 1970లో కాలిఫోర్నియా అడవుల్లో పెద్ద మంటలు చెలరేగినప్పుడు ఎవరు ఎవరి మాట వినాలో తెలీక నానా గందరగోళం అయింది, ఆ తర్వాత అక్కడి ఫైర్ సిబ్బంది తయారు చేసుకున్న పద్ధతిలో ఒక నాయకుడి కింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకానే ఉండాలి, ఐదుగురైతే మేలు అని పెట్టుకున్నారు. మీకూ అదే కొలత. గేటుకి ఒకరు, డబ్బుకి ఒకరు, వేదికకి ఒకరు, సర్దుబాట్లకి ఒకరు, ఈ నలుగురూ మీతో మాట్లాడతారు, మిగతావాళ్లు వాళ్లతో మాట్లాడతారు. ఆ రోజు మీ పేరు ఏ పని పక్కనా ఉండకూడదు. లీడర్ రసీదులు రాస్తూ కూర్చుంటే కరెంటు పోయినప్పుడు ఎవర్ని అడగాలో ఎవరికీ తెలీదు. (టీషర్టు ఏ రంగులో ఉండాలని రెండు మీటింగులు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మెడలో పెద్ద అక్షరాలతో పేరున్న కార్డు చాలు.)

కార్యక్రమానికి ముందు పావుగంట అందర్నీ నిలబెట్టి మాట్లాడండి. డబ్బు ఎవరి కోసం, దేనికి ఖర్చవుతుంది అన్నది ప్రతి వాలంటీరూ రెండు వాక్యాల్లో చెప్పగలగాలి, ఒకరిద్దరి చేత అక్కడే చెప్పించి చూడండి. తెలియని ప్రశ్న వస్తే "కనుక్కుని చెప్తానండి" అనమనండి, ఊహించి చెప్పొద్దని గట్టిగా చెప్పండి. బాత్రూమ్ ఎక్కడ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎక్కడ, బయటికి దారులెన్ని, ఇవి మీకు చిన్న విషయాలే అయినా ఆ రోజు ఎక్కువమంది అడిగేది ఇవే. విరాళం అడిగేవాళ్లకి ఇంకొక్క మాట: అడగండి, ఆగండి. అడిగిన వెంటనే కంగారుపడి "ఇబ్బందైతే వద్దులెండి" అని మనమే తలుపు మూసేస్తాం. అవతలి మనిషి వద్దంటే నవ్వి వదిలేయండి, రెండోసారి అడగొద్దు.

డబ్బు దగ్గర మాత్రం స్నేహాలు పక్కన పెట్టాలి. డబ్బు పెట్టె దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. రసీదు పుస్తకాలకి వరుస నంబర్లుండాలి, ఏ పుస్తకం ఎవరికిచ్చారో రాసి సంతకం పెట్టించుకోవాలి. రాయడంలో తప్పు పోయిన రసీదుని చింపేయకుండా, అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచాలి, లేకపోతే చివర్లో ఆ నంబరు ఏమైందని వెతుక్కుంటూ కూర్చోవాలి. ఎంత చిన్న ఖర్చయినా పెట్టెలోంచి తీయకూడదు, ఖర్చులకి వేరే కవరు పెట్టుకోండి. ముగిశాక పెట్టె అక్కడే తెరిచి, ఒకరు లెక్కపెట్టి, రెండోవారు మొదటి అంకె చూడకుండా మళ్లీ లెక్కపెట్టి, రెండూ కలిశాకే కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. తేడా వస్తే తేడాతోనే రాయండి, జేబులోంచి వేసి సరిచేయకండి. క్యూఆర్ కోడ్ పెడితే అది సంస్థ ఖాతాదే అయి ఉండాలి, వాలంటీరుది కాదు. మధ్యలో ఒకటి రెండుసార్లు వెళ్లి ఆ కోడ్ మీద ఎవరైనా వేరేది అంటించారేమో చూసి రండి. ఇదంతా వాలంటీర్ల మీద అనుమానంతో కాదని మొదటే చెప్పండి, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే వాళ్ల చేతిలో ఉండే రుజువు ఈ కాగితాలే.

ఆ రోజు షిఫ్టులు మూడు గంటలు దాటించకండి, మారేటప్పుడు పాతవాళ్లూ కొత్తవాళ్లూ పావుగంట కలిసి ఉండేలా చూడండి. ఇద్దరి మధ్య మాట పెరిగితే న్యాయం తేల్చడానికి అది సమయం కాదు, ఒకర్ని వేరే చోటికి మార్చి మర్నాడు మాట్లాడండి. పని చేయకుండా పెత్తనం చేసేవాళ్లు ఒకరైనా తగుల్తారు, వాళ్లకి అందరికీ కనిపించే పనొకటి, టైముతో సహా, ఇచ్చేయండి.

అయిపోయాక రెండు రోజుల్లోపు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత చేరవేశారు అన్నది డోనర్లకంటే ముందు వాలంటీర్లకి చెప్పండి. గ్రూపులో "అందరికీ ధన్యవాదాలు" అన్నది ఎవరికీ తగలదు. "మీరు గేటు దగ్గర ఆ పెద్దావిడకి కుర్చీ తెచ్చి వేయడం చూశాను" అని ఒక్కొక్కరికీ విడిగా పంపండి, ఆలస్యమైనా సరే. ఏ పనికి మనుషులు చాల్లేదో, ఎక్కడ ఎక్కువయ్యారో వాళ్లనే అడిగి పనుల కాగితం మీదే పెన్నుతో దిద్దండి. డోనర్ల ఫోన్ నంబర్లు ఎవరి ఫోన్లోనైనా మిగిలి ఉంటే తీసేయించి, ఆ గ్రూపు మూసేయండి.