ఆదివారం ఆరాధనకు ముందు చూసుకోవాల్సినవి

శనివారం రాత్రే బైబిలు, పాటల పుస్తకం, కానుక కవరు ఒకే సంచిలో సర్దండి.

ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు. చాలా ఫోన్లలో అలారం అప్పుడూ మోగుతుంది. వైబ్రేషన్‌కి చెక్క బల్ల బుర్రుమంటుంది. ఆఫ్ చేయడమే మేలు. యాప్‌లోనే వాక్యం చదివేవాళ్లు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, అలారాలు తీసేసి, ఫ్లైట్ మోడ్ పెట్టాలి.

పిల్లలుంటే వరస చివర కూర్చోండి. ఏడిస్తే ఎవరినీ లేపకుండా బయటికి రావచ్చు. చిప్స్ ప్యాకెట్ మాత్రం వద్దు, ఆ చప్పుడు పుల్పిట్ దాకా వెళ్తుంది.

మైకు స్పీకర్లకు వెనకే ఉండాలి, ఎదురుగా ఉంటే కూత పెడుతుంది. కార్డ్‌లెస్‌ మైకులో కొత్త సెల్స్ వేయండి. పాటలు చూపే లాప్‌టాప్‌లో వాట్సాప్ మూసేయండి. ఎవరి మెసేజో తెరమీద పడిందంటే ఆ పాట అయిపోయినట్టే.

గ్యాస్, మోటారు కట్టేశారో లేదో చూసి బయల్దేరండి. ఆ అనుమానం సరిగ్గా ప్రార్థనలోనే వస్తుంది.