మెడికేర్ "ఇర్మా" లెటర్ రాకముందే చూసుకోవాల్సినవి

అమెరికాలో 65 దాటిన మనవాళ్ళు, రిటైర్మెంట్ దగ్గర పడుతున్నవాళ్ళు ఇది కాస్త ఓపిగ్గా చదవండి, మీ అమ్మానాన్నలకి మెడికేర్ (65 దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్) ఉంటే మీరు చదివి వాళ్ళకి చెప్పండి.

అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా మెడికేర్ ప్లాన్లు మార్చుకునే సీజన్ కదా, ఆ రోజుల్లో మెయిల్‌బాక్స్ నిండా ఇన్సూరెన్స్ కంపెనీల రంగురంగుల కాగితాలే, విసుగొచ్చి అన్నీ కలిపి బిన్‌లో పడేస్తాం. రిటైర్ అయినవాళ్ళకి నెలనెలా డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ, సోషల్ సెక్యూరిటీ వాళ్ళ లెటర్ కూడా దాదాపు అప్పుడే వస్తుంది. మా బావగారికి వచ్చింది అలాగే రీసైక్లింగ్‌లోకి పోయింది, మా అక్క పిజ్జా కూపన్లు వెతుకుతుంటే వాటి మధ్యలో దొరికింది, లేకపోతే జనవరిలో సోషల్ సెక్యూరిటీ డబ్బు తగ్గి పడ్డాక గానీ తెలిసేది కాదు.

ఆ లెటర్లో ఉండేది ఏంటంటే, మీ ఆదాయం ఎక్కువ కాబట్టి మెడికేర్‌లో పార్ట్ బి (డాక్టర్ ఖర్చులకి), పార్ట్ డి (మందులకి) ప్రీమియం మీద అదనంగా కట్టాలి అని. దీన్నే ఇర్మా అంటారు. ఇక్కడ అందరూ తికమకపడేది సంవత్సరం దగ్గర. 2026 ప్రీమియానికి వాళ్ళు చూసేది 2024 టాక్స్ రిటర్న్. బావగారు 2025 జూన్‌లో ఉద్యోగం మానేశారు, కానీ 2024లో ఇద్దరి ఆదాయం కలిపి 2,40,000 డాలర్లు, ఇర్మా మొదలయ్యే గీత జంటగా ఫైల్ చేసేవాళ్ళకి 2,18,000 దగ్గర, ఒంటరివాళ్ళకి 1,09,000 దగ్గర, ఆ గీత ఒక్క డాలర్ దాటినా అదనపు ప్రీమియం మొత్తం పడుతుంది. మామూలు పార్ట్ బి నెలకి 202.90 అయితే వీళ్ళకి 284.10, పైన పార్ట్ డి కి ఇంకో 14.50. మనిషికి నెలకి 95.70 ఎక్కువ, ఇద్దరికీ ఏడాదికి దాదాపు 2,300 డాలర్లు. జీతం ఆగిపోయిన ఇంట్లో అది చిన్న మొత్తం కాదండీ.

ఇలాంటప్పుడే ఎస్ఎస్ఏ-44 అనే ఫారం వేయాలి. జీవితంలో పెద్ద మార్పు వచ్చి ఆదాయం పడిపోయింది, కొత్త ఆదాయం చూసి లెక్క వేయండి అని అడగడం. కానీ ఆ మార్పు వాళ్ళ లిస్టులో ఉండాలి: పెళ్ళి, విడాకులు, భర్త లేదా భార్య చనిపోవడం, ఉద్యోగం మానేయడం, పని గంటలు తగ్గడం, పెన్షన్ పోవడం, కంపెనీ దివాలా లాంటివాటిలో యజమాని నుంచి సెటిల్‌మెంట్ రావడం, మీ చేతిలో లేని కారణంతో, అంటే తుఫానో మోసమో, ఆదాయం తెచ్చే ఆస్తి పోవడం. అంతే.

ఇప్పుడు మనవాళ్ళకి అసలు దెబ్బ తగిలే చోటు చెప్తాను. హైదరాబాద్ దగ్గర ఎప్పుడో కొన్న ప్లాటు, విజయవాడలో నాన్నగారు ఇచ్చిన ఇల్లు, రిటైర్ అయ్యాక అమ్మేద్దాం అనుకుంటాం. అమెరికా రెసిడెంట్ అయితే ఆ లాభం ఇక్కడి రిటర్న్‌లో కూడా చూపించాల్సిందే, ఇండియాలో కట్టిన టాక్స్‌కి ఇక్కడ క్రెడిట్ రావచ్చు కానీ ఆ క్రెడిట్ ఇక్కడి టాక్స్‌ని తగ్గిస్తుందే తప్ప ఇర్మా చూసే ఆదాయాన్ని తగ్గించదు. ఎన్ఆర్ఈ డిపాజిట్ (ఇండియా బ్యాంకుల్లో ఎన్ఆర్ఐలు వేసేది) వడ్డీ కూడా అంతే, అక్కడ టాక్స్ లేదని ఇక్కడ లేదనుకోకండి. ఇష్టపడి అమ్ముకున్నది ఆ లిస్టులోకి రాదు, ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతా నుంచి తీసిన డబ్బు, రోత్ కన్వర్షన్ (ఆ డబ్బుకి టాక్స్ కట్టి రోత్ ఖాతాలోకి మార్చుకోవడం) కూడా రావు, అప్పీల్ చేసినా లాభం ఉండదు. అందుకే జాగ్రత్త అమ్మకముందే పడాలి: రెండు ప్లాట్లు ఒకే ఏడాది అమ్మొద్దు, అమ్మే ఏడాది రోత్ కన్వర్షన్ పెట్టుకోవద్దు, బయానా తీసుకునే ముందే టాక్సులు చూసే సీపీఏతో ఒకసారి కూర్చోండి. పోనీ ఒకసారి పడినా అది ఆ ఏడాదికే, మళ్ళీ ఏటా కొత్త రిటర్న్ చూస్తారు.

ఫారం నింపేటప్పుడు చూసుకోండి, వాళ్ళకి కావాల్సింది టాక్సబుల్ ఇన్‌కమ్ కాదు, 1040లో, అంటే టాక్స్ రిటర్న్ ఫారంలో, 11వ లైన్ మొత్తం, దానికి ఇక్కడ టాక్స్ లేని వడ్డీ కలపాలి. ఏడాది మధ్యలో మానేస్తే ఆర్నెల్ల జీతం, మిగిలిన సెలవుల డబ్బు కలిసి ఆ ఏడాది పెద్దగా తగ్గకపోవచ్చు, అప్పుడు ఆ తర్వాతి ఏడాది అంచనా చూసుకోండి. కంపెనీ నుంచి ఆఖరి పనిరోజు తేదీ ఉన్న లెటర్ మానేసే రోజే అడిగి తెచ్చుకోండి, తర్వాత హెచ్ఆర్ వాళ్ళు దొరకరు. ఫారం ఎవరిది వాళ్ళకి విడిగా వేయాలి, బావగారు ఒక్కటే వేశారు, ఆయనకి తగ్గింది, అక్కకి అలాగే కోత పడుతూ ఉంది, మార్చిలో చూసుకుని రెండోది వేశాం.

లిస్టులోది కాకుండా వాళ్ళు చూసిన అంకెలే తప్పనిపిస్తే, లెటర్ అందిన 60 రోజుల్లో రీకన్సిడరేషన్, అంటే మళ్ళీ పరిశీలించమని, అడగాలి, కాదంటే ఆ పైన జడ్జి దగ్గరికి వెళ్ళొచ్చు. ఈలోగా ప్రీమియం కట్టడం మాత్రం ఆపకండి, కవరేజ్ పోతే అది ఇంకో తలనొప్పి, గెలిస్తే ఎక్కువ కట్టింది తిరిగిస్తారు.

ఇంకొక్కటి, ఇది చెప్పడానికి కష్టంగానే ఉంది. భర్త పోయిన ఆవిడ తర్వాతి ఏడాదుల్లో ఒంటరిగా ఫైల్ చేస్తుంది, గీత సగానికి పడిపోతుంది, ఆదాయం కొంచెమే తగ్గినా ప్రీమియం పెరుగుతుంది. ఆ దుఃఖంలో ఆవిడ లెటర్లు విప్పదు. మీకు తెలిసిన ఇంట్లో అలా జరిగితే కర్మకాండలు అయ్యాక ఒకరోజు వెళ్ళి, డెత్ సర్టిఫికేట్ సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు ఎక్కువే తెప్పించి, ఆ మెయిల్ కట్ట విప్పి సోషల్ సెక్యూరిటీ కవరు పక్కకి తీసి పెట్టండి.