తెల్ల చామంతికి ఎర్ర రంగు ఎక్కించడం ఎలా?

సైన్స్ ఫెయిర్ వస్తోందంటే చాలు, విజయనగరంలో మా వీధి పిల్లలు వాడిపోయిన చామంతులు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "మాస్టారూ, రంగు ఎక్కలేదు!" రంగులో లోపం లేదు నాయనా, కోతలో ఉంది.

గాజు గ్లాసు, బేసిన్, కొత్త బ్లేడు, ఎర్ర మిఠాయి రంగు ఉంటే చాలు. బజారులో తూకానికి అమ్మే పూలకు కాడ ఉండదు, కుండీలోది జానెడు కాడతో తెంపండి. నందివర్ధనం వద్దు, పాలు కారి కోసిన చోటు పూడుకుపోతుంది. కుంకుమ, పసుపు కరగవు, అడుగున పేరుకుంటాయి. అర గ్లాసు నీళ్లకు అర చెంచా రంగు. నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, పైన రెండు మూడు ఉంచండి. అందం కోసం అన్నీ దూసేస్తే ఇక నీళ్లు లాగేదెవరు?

ఇప్పుడు కోత. బావి మీది మోటారుకు గాలి పట్టడం చూశారా? సక్షన్ పైపులో సూదిమొనంత లీకు చాలు, మోటారు తిరుగుతూనే ఉంటుంది, చుక్క నీరు రాదు. కాడను గాలిలో కోస్తే అదే జరుగుతుంది. దారువు అనే సన్నటి గొట్టాల్లో నీరు వేరు నుంచి ఆకు దాకా తెగని దారంలా బిగిసి ఉంటుంది. ఆకుల్లోంచి ఆవిరయ్యే నీరు ఆ దారాన్ని పైకి గుంజుతుంది. తెంపగానే దారం వెనక్కి తగ్గి, ఆ ఖాళీలోకి గాలి దూరుతుంది.

అందుకే తెంపిన కాడ చివరను బేసిన్ నీళ్లలో ముంచి, నీళ్ల లోపలే రెండు అంగుళాలు పైకి ఏటవాలుగా కోయాలి. ఒకే కోత. కత్తెర వద్దేవద్దు, గొట్టాలను నలిపేస్తుంది. నీళ్లలో బ్లేడు జారుతుంది, కోసే పని పెద్దవాళ్లే చేయండి. కోసిన చివరను తడి వేలితో మూసి వెంటనే రంగు గ్లాసులో పెట్టండి. మధ్యలో ఫోన్ మోగితే మోగనివ్వండి.

దీపం వత్తి నూనె పీల్చినట్టే చెట్టూ పీలుస్తుందని కొందరు చెప్తారు. నాకు ఒళ్లు మండుతుంది. 0.05 మిల్లీమీటర్ల గొట్టంలో నీరు అలా ఎక్కేది 60 సెంటీమీటర్లే. మన పైడితల్లి జాతరలో సిరిమానుకు తెచ్చే చింతమాను దాదాపు 60 అడుగులు! పైనుంచి పీల్చే ఏ మోటారూ 33 అడుగులు దాటించలేదు. నీటి కణాలు ఒకదాన్నొకటి వదలకపోవడం వల్లే ఆకు గుంజితే వేరు దాకా కదులుతుంది. డిక్సన్, జోలీ అనే ఐర్లాండ్ శాస్త్రవేత్తలు ఈ మాట 1894లోనే చెప్పారు.

గ్లాసును ఫ్యాను కింద పెట్టండి. ముసురు రోజుల్లో ఆలస్యమవుతుంది, టెన్షన్ పడకండి. కొన్ని గంటల్లో రేకుల అంచులు ఎర్రబడతాయి, నేనైతే రాత్రంతా ఉంచుతాను. తెల్లారాక కాడను అడ్డంగా కోస్తే చుట్టూ ఎర్రటి చుక్కలు వరుసగా కనిపిస్తాయి. నీరు ఎక్కిన దారి అదే. ఫెయిర్‌లో పువ్వు పక్కన ఆ ముక్క కూడా పెట్టండి.