సర్వర్‌లో అవుట్‌లుక్ లేకుండానే అలర్ట్ మెయిల్స్ రావాలంటే

గాజువాక ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ డీలర్ దగ్గర బిల్లింగ్ సర్వర్ నేనే చూస్తాను. బిల్లుల డేటా అంతా మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంటుంది. ఒక సోమవారం పొద్దున్నే అక్కడి అకౌంటెంట్ గారు ఫోన్ చేసి "ఏటండీ, బిల్లు సేవ్ అవ్వట్లేదు, కౌంటర్ దగ్గర జనం నిలబడిపోయారు" అన్నారు. వెళ్లి చూస్తే డిస్క్ నిండిపోయింది. అంతకంటే భయపెట్టిన సంగతి, పదకొండు రోజులుగా బ్యాకప్ జాబ్ ఫెయిలవుతూనే ఉంది. సర్వర్ ప్రతి రాత్రీ ఆ మాట లాగ్‌లో రాసుకుంటోంది, అది తెరిచి చదివినవాళ్లే లేరు. డేటా పోలేదు కానీ, పోయుంటే నా చేతిలో ఉన్నది పదకొండు రోజుల నాటి కాపీ. ఆ టెన్షన్ మీరు పడకూడదనే ఇది రాస్తున్నాను.

సర్వర్ నుంచి మెయిల్ పంపాలంటే అందులో అవుట్‌లుక్ వేయాలని ఇంకా అనుకునేవాళ్లున్నారు. ఒకప్పుడు నిజమే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత ఎస్‌క్యూఎల్ మెయిల్‌కి అలాంటి మెయిల్ ప్రోగ్రాం కావాల్సి వచ్చేది. 2005 వెర్షన్‌తో దాని బదులు డేటాబేస్ మెయిల్ వచ్చింది, 2012కి పాతదాన్ని తీసేశారు. ఇప్పుడు మెయిల్ నేరుగా ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్‌కి, అంటే మెయిల్స్ బయటికి పంపే సర్వర్‌కి వెళ్తుంది. ముందు ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత పనులకి వాడుకునే ఎమ్‌ఎస్‌డీబీ డేటాబేస్‌లో క్యూలో పడుతుంది, అక్కడి నుంచి వేరే ప్రాసెస్ ఒకటి తీసుకుని పంపుతుంది. అందుకని మెయిల్ సర్వర్ పడిపోయినా మీ బిల్లింగ్ ఆగదు. ఒక్క మాట, మీది ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ అయితే ఈ సౌకర్యం లేదు, జాబ్‌లని టైముకి నడిపే ఏజెంట్ కూడా ఉండదు. అక్కడ విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పవర్‌షెల్ స్క్రిప్ట్ పెట్టుకోవాల్సిందే.

పని మొదలుపెట్టే ముందు అలర్ట్స్ కోసమే ఒక మెయిల్ ఐడీ తెరవండి. మీ సొంత ఐడీ వాడొద్దు, ఎందుకంటే మీరు పాస్‌వర్డ్ మార్చిన రోజునో ఉద్యోగం మారిన రోజునో అలర్ట్స్ చప్పుడు లేకుండా ఆగిపోతాయి. జీమెయిల్ అయితే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ఇక ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని నడిపే మేనేజ్‌మెంట్ స్టూడియో ప్రోగ్రాంలో మేనేజ్‌మెంట్ ఫోల్డర్ కింద డేటాబేస్ మెయిల్ ఉంటుంది, రైట్ క్లిక్ కొట్టి కాన్ఫిగర్ ఎంచుకుంటే విజార్డ్ వస్తుంది. ఫీచర్ ఆన్ చెయ్యాలా అని అడిగితే ఎస్ అనండి. ప్రొఫైల్‌కి ఒక పేరు, దాని కింద అకౌంట్, అందులో జీమెయిల్ ఎస్‌ఎమ్‌టీపీ చిరునామా, పోర్ట్ 587, ఎస్‌ఎస్‌ఎల్ దగ్గర టిక్, బేసిక్ అథెంటికేషన్ కింద ఐడీ, యాప్ పాస్‌వర్డ్. అంతే. చివర్లో సిస్టమ్ పారామీటర్స్ పేజీ వస్తుంది, దాన్ని నెక్స్ట్ కొట్టి దాటేయకండి. రీట్రై అటెంప్ట్స్ అక్కడ 1 అని, మధ్య గడువు 60 సెకన్లు అని ఉంటుంది, అంటే రెండు మూడు నిమిషాలు నెట్ పోయినా ఆ మెయిల్ ఫెయిల్ లెక్కలోకి వెళ్లిపోతుంది, మళ్లీ దానంతట అది వెళ్లదు. నేను 5 సార్లు, 300 సెకన్లు పెడతాను. తర్వాత రైట్ క్లిక్ మెనూలోనే టెస్ట్ మెయిల్ ఉంది, పంపి చూడండి.

టెస్ట్ మెయిల్ వచ్చిందని సంబరపడి చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు పని మిగిలే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ ప్రాపర్టీస్‌లో అలర్ట్ సిస్టమ్ పేజీకి వెళ్లి మెయిల్ ప్రొఫైల్ ఎనేబుల్ చేసి, మీ ప్రొఫైల్ ఎంచుకుని, ఏజెంట్‌ని రీస్టార్ట్ చేయాలి. ఇది చేయకపోతే టెస్ట్ మెయిల్ చక్కగా వస్తుంది, జాబ్ ఫెయిలైన మెయిల్ మాత్రం ఎప్పటికీ రాదు. రీస్టార్ట్‌కి ముందు ఏ జాబూ నడవట్లేదని చూసుకోండి.

ఆపైన ఏజెంట్ కింద ఆపరేటర్స్‌లో, అంటే అలర్ట్స్ అందుకునేవాళ్ల జాబితాలో, మీ మెయిల్ ఐడీ ఇవ్వండి, వీలైతే ఇద్దరిది. బ్యాకప్ జాబ్ తెరిచి నోటిఫికేషన్స్ పేజీలో ఫెయిలైనప్పుడు ఆ ఆపరేటర్‌కి మెయిల్ వెళ్లాలని పెట్టండి. తర్వాత అలర్ట్స్: సివియారిటీ, అంటే ఎర్రర్ తీవ్రత, 17 నుంచి 25 వరకు ఒక్కోదానికి ఒక అలర్ట్. నాకు జరిగినట్టు డిస్క్ నిండితే వచ్చే ఎర్రర్ 1105, డేటాబేస్ ట్రాన్సాక్షన్ లాగ్ నిండితే వచ్చే 9002 రెండూ 17 కిందకే వస్తాయి. 825 నంబర్ ఎర్రర్‌కి విడిగా ఒకటి తప్పకుండా పెట్టండి. డిస్క్ నుంచి చదవడం ఒకసారి కుదరక మళ్లీ ప్రయత్నిస్తే కుదిరింది అని చెప్పే ఎర్రర్ అది, దాని సివియారిటీ 10 మాత్రమే కాబట్టి పై అలర్ట్స్‌కి చిక్కదు, డిస్క్ పాడవుతోందని ముందుగా చెప్పేది మాత్రం అదే. ప్రతి అలర్ట్‌లో రెస్పాన్స్‌ల మధ్య ఐదు నిమిషాల గడువు ఇవ్వండి, లేదంటే ఒకే ఎర్రర్‌కి వందల మెయిల్స్ వచ్చి పడతాయి.

మెయిల్ రాలేదా? ఎమ్‌ఎస్‌డీబీలో సిస్‌మెయిల్ ఈవెంట్ లాగ్ అనే వ్యూ చూడండి, కారణం అక్కడే రాసి ఉంటుంది. ఎక్కువసార్లు 587 పోర్ట్‌ని ఫైర్‌వాల్ ఆపడమో, పాస్‌వర్డ్ తప్పడమో అయ్యుంటుంది. స్టేటస్ సెంట్ అని ఉందంటే ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్ తీసుకుందని మాత్రమే అర్థం, స్పామ్ ఫోల్డర్ కూడా వెతకండి.

ఇదంతా పెట్టాక కూడా ఒక చిల్లు ఉంది. సర్వరే ఆగిపోతే, నెట్టే పోతే, మెయిల్ పంపేదెవరు? మన ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు, ఫోన్లు లేక ఎన్ని రోజులు కూర్చున్నామో గుర్తుంది. అలర్ట్ రాలేదంటే అంతా బాగుందని కాదు. అందుకే నేను రోజూ పొద్దున ఏడున్నరకి ఒక జాబ్ నడుపుతాను. అది మెయిల్ పంపే ఎస్‌పీ సెండ్ డీబీమెయిల్ ప్రొసీజర్‌తో రెండు సంగతులు పంపుతుంది: ఎక్స్‌పీ ఫిక్స్‌డ్‌డ్రైవ్స్ ప్రొసీజర్ చూపించే డిస్క్ ఖాళీ జాగా, ఎమ్‌ఎస్‌డీబీలోని బ్యాకప్‌సెట్ టేబుల్లో ఉన్న చివరి బ్యాకప్ తేదీ. ఎనిమిదికల్లా ఆ మెయిల్ కనపడకపోతే అకౌంటెంట్ గారికి నేనే ఫోన్ చేస్తాను, సర్వర్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడమని.