ఆక్టోపస్‌కు పేరు పెట్టే ముందు

తిరుపతి వంటి సముద్రం లేని ఊరిలో ఉప్పునీటి తొట్టి పెట్టుకొని ఆక్టోపస్‌ను పెంచేవారు బహు తక్కువ. ఆ కొద్దిమంది కూడా నీటిలో ఉప్పు ఎంత ఉండాలి, ఎండాకాలంలో నీటిని ఎలా చల్లబరచాలి అని పడే శ్రమలో పదో వంతైనా పేరు విషయంలో పడరు. చెన్నై నుంచి తెచ్చేటప్పుడు దారిలోనే నోటికి వచ్చినది ఒకటి తగిలించేస్తారు. మేమూ అలాగే శీనయ్య అని పెట్టాము. ఏడాది తిరిగేసరికి అది కన్నుమూసింది. మా అమ్మ ఫోనులో పెద్దమ్మతో "శీనయ్య పోయినాడక్కా" అని చెప్పుకొని బాధపడుతుండగా, గోడ అవతల బట్టలు ఆరవేస్తున్న పక్కింటి శీనయ్య గారి భార్య ఆ మాట విని గుండె పట్టుకొని కూర్చుండిపోయారు. ఈ ఊరిలో వీధికి ఇద్దరు శీనయ్యలు, ముగ్గురు వెంకటేశులు, ఒక గోవిందయ్య తప్పక ఉంటారు కనుక, స్వామివారి పేర్లను తొట్టి దాకా తీసుకురాకపోవడమే మేలు.

ఇంటికి తెచ్చిన రోజే పేరు పెట్టకుండా కనీసం రెండు మూడు వారాలు ఆగి, దాని స్వభావాన్ని గమనించడం మంచిది. అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో పనిచేసేవారు ఒకప్పుడు తమ ఆక్టోపస్‌లకు నడవడిని బట్టే పేర్లు పెట్టారు. తొట్టి వెనుక దాగి ఎవరికీ కనబడని దానికి ఇల్లు కదలని ఒక కవయిత్రి పేరు వచ్చింది. ఆ గమనింపే తరువాత పరిశోధనకు దారితీయగా, 44 ఎర్ర ఆక్టోపస్‌లను పరీక్షించి, వాటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరు ఉన్నదని 1993లో ప్రకటించారు. వారు చూసిన సందర్భాలు మూడే: మూత తీసి లోపలికి తొంగిచూసినప్పుడు, మెత్తని బ్రష్‌తో తాకినప్పుడు, తినడానికి పీతను వేసినప్పుడు అది ఏం చేస్తుందన్నది. బ్రష్‌తో తాకడం అవసరం లేదు, అది ఊరికే బెదిరిపోతుంది. మిగిలిన రెండు సందర్భాలు మీకు రోజూ ఎదురయ్యేవే కనుక, ఆ రోజు ఏం చేసిందో గోడ మీది క్యాలెండరులో ఒక్క మాట రాసుకుంటూ పోతే, నెల తిరిగేసరికి పేరు దానంతట అదే తేలుతుంది.

మూత తీయగానే చేయి చాచి మీ వేలు పట్టుకొనేదానికి చుట్టం అన్న పేరు చక్కగా అమరుతుంది. తిన్న పీత డొల్లలను, గవ్వలను గూటి ముందు కుప్ప పోసే అలవాటు చాలా ఆక్టోపస్‌లకు ఉంది. అటువంటిదానికి గవ్వ అని పెట్టవచ్చు, పైగా తనకంటూ పైడొల్ల లేని జీవికి ఆ పేరు పెట్టడంలో కొంత చమత్కారం కూడా ఉంది. సిరా చిమ్మేదాన్ని కాటుక అనవచ్చు. చర్మంలోని రంగు సంచులను కండరాలతో సాగదీసి, వదిలి, క్షణంలో తెల్లగా, ఎర్రగా, నల్లగా మారే విద్య దానికి ఉన్నది కనుక, గంగమ్మ జాతరలో రోజుకొక వేషం కట్టేవారిని చూసిన మన ఊరివారికి వేషాలయ్య అన్న పేరు వెంటనే తోస్తుంది. అయితే ఆ వేషాల పేర్లలో కొన్నింటికి కులాల, వృత్తుల పేర్లతో సంబంధం ఉన్నందున వాటిని నేరుగా వాడకూడదు.

పురాణాల వైపు వెళ్లదలచినవారికి నా ఓటు ఘటోత్కచుడికే. కుండ వంటి తల, దాని మీద వెంట్రుక లేకపోవడం ఆ పేరుకు అర్థం. ఆక్టోపస్ రూపం అంతకన్నా వేరుగా ఉండదు. పైగా అది కుండ కనబడితే దూరి కాపురం పెడుతుంది కనుకనే మధ్యధరా తీరంలోనూ జపానులోనూ జాలరులు ఖాళీ కుండలను సముద్రంలోకి దింపి దానిని పడతారు. తొండవాడ అగస్త్యేశ్వరుడి మీద భక్తితో మా బావ అగస్త్యుడి పేరు సూచించారు. అగస్త్యుడికీ కుండతో బంధం ఉంది, కుండలోనే పుట్టాడు, కానీ సముద్రాన్ని తాగేసిన ఋషి పేరు సముద్రజీవికి పెట్టడం నాకు ఎకసెక్కంగా తోచింది. తమిళంలో దీన్ని పేయ్ కణవాయ్ అంటారని, అందులో పేయ్ అంటే దెయ్యమని చిత్తూరు వైపు వారికి చెప్పనక్కరలేదు; ఆ పేరు మాత్రం ఇంట్లో పెద్దవారు ఒప్పుకోరు.

ఆడో మగో తేలేవరకు డుకారాంతంగానో అమ్మతోనో ముగిసే పేర్లు వద్దు. చాలా జాతులలో మగదాని కుడివైపు మూడవ చేయి కొస వేరుగా, చూషకాలు, అంటే పట్టుకొనే బుడిపెలు, లేకుండా ఉంటుంది గాని, ఆ చేతిని అది చుట్టుకొని దాచుకుంటుంది కనుక తేల్చడం తేలిక కాదు. ఘటోత్కచుడిని ఘటం అని కుదిస్తే ఈ చిక్కు కూడా తీరుతుంది.

ఆయుష్షును కూడా లెక్కలోకి తీసుకోవాలి. చిన్న జాతులు ఏడాది, మహా అయితే రెండేళ్లు బ్రతుకుతాయి. 2010 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలలో 8 మ్యాచ్‌ల ఫలితాలను సరిగ్గా ఎంచిన జర్మనీ ఆక్టోపస్ పాల్ ఆ ఏడాది అక్టోబరులోనే చనిపోగా, తరువాత వచ్చినదానికి రెండవ పాల్ అని పెట్టారు. తాత పేరు మనవడికి పెట్టే మనకు ఈ పద్ధతి కొత్త కాదు. అయితే మన తాత పేరే ఆక్టోపస్‌కు పెడితే, దాన్ని కసురుకున్న ప్రతిసారీ నాయనమ్మ ముఖం చిన్నబోతుంది.

పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయాలని పిల్లలు ముచ్చటపడితే రాయించండి, కానీ చెవిలో చెప్పే తంతు మాత్రం కుదరదు, ఎందుకంటే దానికి చెవులు లేవు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని ఆశపడవద్దు. అది మనుషులను గుర్తుపట్టగలదని, మేత పెట్టేవారిని, విసిగించేవారిని వేరు చేసి చూడగలదని సియాటిల్‌లోనే జరిగిన పరిశోధన 2010లో తేల్చింది కనుక, రోజూ ఒకే మనిషి, ఒకే మూల రొయ్యను అందిస్తే, పేరు తెలియకపోయినా మనిషిని చూసి దగ్గరకు వస్తుంది.

చివరగా ఖాయమైన పేరును చీటీ మీద రాసి తొట్టి అద్దానికి కాకుండా మూత మీదే అతికించండి. న్యూజిలాండులోని నేపియర్ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్ మూత సందులోంచి బయటపడి, నేల మీద పాకి, నీటి గొట్టం గుండా సముద్రానికి వెళ్లిపోయిన వార్త 2016లో వచ్చింది. ఒంట్లో చిలుక ముక్కు వంటి నోరు తప్ప గట్టి భాగం లేని ఆ జీవికి చిన్న సందు చాలు. చీటీ మూత మీద ఉంటే, పేరు చదివిన ప్రతిసారీ బిగింపులు సరిగ్గా వేశారో లేదో కూడా కంటబడుతుంది.